సముద్రంలో దాగిన లక్ష్యం ఎంత లోతున ఉందో సోనార్‌కు ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: సోనార్ శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుందని చదువుకున్నాము. ఆ ప్రతిధ్వని ఏ దిక్కు నుంచి వచ్చిందో కూడా తెలుస్తుందట. నీటి మీద తేలే ఓడ విషయంలో దూరం, దిక్కు తెలిస్తే చాలు. నీటి లోపలి జలాంతర్గామి 50 మీటర్ల లోతులోనూ ఉండవచ్చు, 300 మీటర్ల లోతులోనూ ఉండవచ్చు కదా! ఆ లోతును మరో జలాంతర్గామి ఎలా కనుక్కుంటుంది? దానికి వేరే పరికరం ఉంటుందా?

జవాబు: ఎదుటి లక్ష్యం లోతును నేరుగా కొలిచే పరికరం ఏదీ లేదు. లోతు కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన సోనార్లు ఒకప్పుడు ఉండేవి, వాటి ప్రస్తావన కింద మరో ప్రశ్నలో వస్తుంది. అయితే అవి కూడా కొలిచింది కోణాన్నే. జలాంతర్గామికి తన లోతు మాత్రం కచ్చితంగా తెలుసు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ పీడనం దాదాపు ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది కనుక, పీడనమాపకం చూస్తే సరిపోతుంది. ఎదుటిదాని లోతును దూరం, ధ్వని వచ్చిన నిలువు కోణం, రెంటికీ మధ్యనున్న నీటి స్వభావం అనే మూడింటిని కలిపి లెక్కకట్టవలసిందే. మొదటి రెండూ త్రికోణమితి తెలిసినవారెవరైనా చేయగల లెక్కలే. పని కష్టమయ్యేది మూడోదాని దగ్గర.

సులువైనది ముందు చూద్దాం. సముద్రపు నీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. (1826లో కొలాడన్, స్టుర్మ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జెనీవా సరస్సులో నీటిలోపల గంట మోగించి సెకనుకు 1435 మీటర్లని కొలిచారు. అది చల్లని మంచినీరు కాబట్టి వేగం ఆ మేరకు తగ్గింది.) పంపిన ధ్వని 5.3 సెకన్లకు తిరిగివస్తే, రానూపోనూ ప్రయాణం కనుక లక్ష్యం సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆ ప్రతిధ్వని క్షితిజ సమాంతర రేఖకు 3 డిగ్రీలు దిగువ నుంచి వచ్చిందనుకోండి. 4000ను 3 డిగ్రీల సైన్ విలువతో గుణిస్తే సుమారు 210 వస్తుంది. మన జలాంతర్గామి 100 మీటర్ల లోతులో ఉంటే, లక్ష్యం 310 మీటర్ల లోతులో ఉన్నట్టు లెక్క తేలుతుంది.

ఆ 3 డిగ్రీలు ఎలా తెలిశాయన్నది తరువాతి ప్రశ్న. ఒకదానిపై ఒకటిగా ఒక మీటరు ఎడంతో అమర్చిన రెండు హైడ్రోఫోన్లను, అంటే నీటిలో ధ్వనిని వినే గ్రాహకాలను, ఊహించండి. ధ్వని సరిగ్గా ఎదురుగా వస్తే రెండింటికీ ఒకే క్షణంలో తగులుతుంది. 3 డిగ్రీల దిగువ నుంచి వస్తే కింది గ్రాహకానికి ముందు తగిలి, పై గ్రాహకానికి చేరేందుకు మరో 5 సెంటీమీటర్లు ప్రయాణించాలి. ఆ 5 సెంటీమీటర్లకు పట్టే కాలం సెకనులో పదిలక్షల వంతులు 35 మాత్రమే. ఇంత చిన్న తేడాను రెండు గ్రాహకాలతో నమ్మకంగా పట్టలేము కాబట్టి వందల సంఖ్యలో గ్రాహకాలను పేర్చి, వాటన్నిటి సంకేతాలనూ తగినంత ఆలస్యం చేసి కలుపుతారు. ఏ ఆలస్యాల దగ్గర మొత్తం గట్టిగా వినిపిస్తుందో అదే ధ్వని వచ్చిన కోణం. అమెరికా జలాంతర్గామి టల్లిబీ 1960లో నౌకాదళంలో చేరినప్పుడు దాని ముక్కు భాగమంతా ఒక పెద్ద గోళాకార సోనార్‌కే కేటాయించి, టార్పెడో గొట్టాలను నడుముకు జరిపారు. గోళం మీద గ్రాహకాలు చుట్టూతానే కాక పైకీ కిందికీ కూడా పరచుకొని ఉండటం వల్ల పక్క కోణంతోపాటు నిలువు కోణాన్ని కూడా అది వినగలిగింది. వెడల్పు ఎంత ఉన్నా, నిలువున ఎత్తు లేని అమరిక నిలువు కోణం సంగతి ఏమీ చెప్పలేదు.

ఎత్తు ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. 5000 హెర్ట్‌జ్ ధ్వని తరంగదైర్ఘ్యం నీటిలో 30 సెంటీమీటర్లు. 3 మీటర్ల ఎత్తున్న అమరికతో దాన్ని వింటే వినికిడి పుంజం సుమారు 6 డిగ్రీల వెడల్పు ఉంటుంది. పై సగం, కింది సగం గ్రాహకాలు విన్న సంకేతాలను పోల్చి పుంజం లోపల ఇంకా సన్నగా కోణాన్ని తేల్చవచ్చు. అయినా 4 కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ పొరపాటు లోతులో 70 మీటర్ల పొరపాటవుతుంది. 10 కిలోమీటర్ల దగ్గర అదే డిగ్రీ 175 మీటర్లకు సమానం. జలాంతర్గామి తానే ఒక డిగ్రీ ముక్కు వంచి నడుస్తున్నా ఇదే తేడా వస్తుంది కనుక, ఆ వంపును కూడా కొలిచి లెక్కలోంచి తీసేయాలి.

ఇక నీటి సంగతి. పైన చేసిన లెక్కంతా ధ్వని సరళరేఖలో వచ్చిందన్న ఊహ మీద నిలబడింది. సముద్రంలో ధ్వని సరళరేఖలో నడిచే సందర్భం చాలా అరుదు. నీరు వెచ్చనయ్యేకొద్దీ, ఉప్పదనం పెరిగేకొద్దీ, లోతు పెరిగేకొద్దీ ధ్వని వేగం పెరుగుతుంది. వేగం లోతుతో మారినప్పుడు ధ్వని తన వేగం తక్కువగా ఉన్న వైపుకు వంగుతుంది. జోడెడ్లలో ఒకటి మందగిస్తే బండి ఆ పక్కకే మళ్లినట్టన్నమాట. కాంతి విషయంలో మీరు చదివిన స్నెల్ నియమమే ఇక్కడా పనిచేస్తుంది.

ఈ వంపు ఎంతటిదో లెక్కవేసి చూస్తే తప్ప నమ్మకం కలగదు. ఉష్ణోగ్రత పైనుంచి కిందికి ఒకేలా ఉన్న నీటిని తీసుకోండి. అక్కడ పీడనం వల్ల మాత్రమే వేగం మారుతుంది, అదీ ప్రతి 100 మీటర్లకూ సెకనుకు 1.7 మీటర్లు మాత్రమే. ఇంత స్వల్ప మార్పుకే ధ్వని మార్గం సుమారు 88 కిలోమీటర్ల వ్యాసార్ధమున్న వృత్తఖండంగా వంగుతుంది. 150 మీటర్ల లోతులోని మన జలాంతర్గామికి ధ్వని సరిగ్గా సమాంతరంగా వచ్చి చేరితే, లక్ష్యం కూడా 150 మీటర్ల లోతులోనే ఉందని సరళరేఖ లెక్క చెబుతుంది. కాని 4 కిలోమీటర్ల దూరంలోని ఆ లక్ష్యం నిజానికి 90 మీటర్లు పైన, అంటే 60 మీటర్ల లోతులో ఉంటుంది.

ఇప్పుడు వేరే నీటిని చూడండి. 50 మీటర్ల లోతు నుంచి 250 మీటర్ల లోతుకు చేరేసరికి ఉష్ణోగ్రత 25 డిగ్రీల నుంచి 15 డిగ్రీలకు పడిపోతుందనుకుందాం. ఇలా వేగంగా చల్లబడే పొరను థర్మోక్లైన్ అంటారు. ఇక్కడ వంపు దిశ తిరగబడుతుంది, తీవ్రత కూడా చాలా ఎక్కువ. 60 మీటర్ల లోతులో ఉన్న మనకు సమాంతరంగా చేరిన ధ్వని, కేవలం 2 కిలోమీటర్ల దూరంలో, మనకంటే సుమారు 150 మీటర్లు దిగువన ఉన్న లక్ష్యం నుంచి వచ్చి ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ పరికరం చూపిన కోణం సున్నాయే. ఒకచోట లక్ష్యం పైన ఉంది, మరొకచోట కింద ఉంది. అందుకే సోనార్ ఎంత గొప్పదన్న ప్రశ్న కంటే, ఆ రోజు ఆ నీటిని ఎంత బాగా తెలుసుకున్నారన్న ప్రశ్నే ముఖ్యమైనదని నేను భావిస్తాను.

నీటిని తెలుసుకోవడానికి జలాంతర్గామికి ఒక సౌకర్యం ఉంది. అది లోతుకు దిగుతూ పైకి వస్తూ ఉన్నప్పుడే వెలుపలి నీటి ఉష్ణోగ్రతను లోతువారీగా నమోదు చేసుకోగలదు. ఈ పనికి ఉపయోగపడే బాతీథర్మోగ్రాఫ్ అనే సాధనాన్ని 1930 దశకం చివర్లో అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ ఆచరణయోగ్యంగా రూపొందించాడు. తరువాతి కాలంలో, సన్నని తీగ చివర వేలాడుతూ నీటిలో పడిపోయి, కొలతలు పంపి, అక్కడే వదిలివేయబడే రకం వచ్చింది. లోతువారీగా ధ్వని వేగం తెలిశాక, కంప్యూటరు ఆ పొరల గుండా ధ్వని కిరణాన్ని వెనక్కి నడిపించి, కొలిచిన కోణంలో, కొలిచిన దూరంలో ఆ కిరణం ఎంత లోతున ఉంటుందో చెబుతుంది.

ప్రశ్న: జలాంతర్గామి తానుగా శబ్దం పంపితే తన ఉనికి బయటపడుతుంది కనుక అది ఎక్కువగా మౌనంగా వింటూ ఉంటుందని అంటారు. ప్రతిధ్వని లేకుండా, ఎదుటి యంత్రాల శబ్దాన్ని వినడం ద్వారానే లోతు తెలుసుకోవడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికంటే అందంగా తోచే భాగం ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

నీటిలోపలి లక్ష్యం చేసే శబ్దం మనల్ని ఒకే దారిలో చేరదు. ఒక భాగం నేరుగా వస్తుంది. మరో భాగం పైకి పోయి, సముద్రపు ఉపరితలాన్ని తాకి, అద్దం మీది కాంతిలా పరావర్తనం చెంది మనవైపు దిగివస్తుంది. రెండో దారి కాస్త పొడవు కనుక అదే శబ్దం కొద్ది క్షణాలు ఆలస్యంగా మళ్లీ వినిపిస్తుంది. ఎంత ఆలస్యంగా అన్నది లక్ష్యం లోతును బట్టి ఉంటుంది. లక్ష్యం ఉపరితలానికి దగ్గరగా ఉంటే రెండు దారులూ దాదాపు ఒకటే, లోతుకు దిగేకొద్దీ వాటి మధ్య తేడా పెరుగుతుంది.

అంకెల్లో చూద్దాం. మనం 100 మీటర్ల లోతులో, లక్ష్యం 150 మీటర్ల లోతులో, మధ్య దూరం 5 కిలోమీటర్లు. రెండు లోతులనూ గుణించి, రెట్టింపు చేసి, దూరంతో భాగిస్తే దారుల మధ్య తేడా వస్తుంది. ఇక్కడ అది 6 మీటర్లు, కాలంలో 4 మిల్లీసెకన్లు. లక్ష్యం 60 మీటర్ల లోతులోనే ఉంటే 1.6 మిల్లీసెకన్లు, 300 మీటర్లకు దిగితే 8 మిల్లీసెకన్లు. ఉపరితలం మీద పోయే ఓడ ప్రొపెల్లర్ 5 మీటర్ల లోతులో ఉంటే తేడా మిల్లీసెకనులో ఏడో వంతుకన్నా తక్కువ. లోతు కచ్చితంగా తేలకపోయినా, వినిపిస్తున్నది పైన పోయే ఓడా, లోపల దాగిన జలాంతర్గామా అన్నది ఈ తేడాతో విడదీయవచ్చు. చాలా సందర్భాల్లో కమాండర్‌కు ముందుగా కావలసింది ఆ సమాధానమే.

ఎడతెగని యంత్రపు హోరులో ఈ 4 మిల్లీసెకన్లు చెవికి అందవు. అందుకు రెండు మార్గాలున్నాయి. మొదటిది, వచ్చిన సంకేతాన్ని దానితోనే, కొంచెం కొంచెం జరుపుతూ పోల్చడం. సరిగ్గా 4 మిల్లీసెకన్లు జరిపినప్పుడు ఆలస్యంగా వచ్చిన నకలు అసలు ధ్వనితో కలుస్తుంది. ఇందులో ఒక చక్కని గుర్తు కూడా దొరుకుతుంది. గాలితో కలిసే ఉపరితలం దగ్గర పరావర్తనం చెందిన ధ్వని తలకిందులవుతుంది, అంటే పీడనం పెరిగిన చోట తగ్గుతుంది, తగ్గిన చోట పెరుగుతుంది. కాబట్టి పోలికలో కనిపించే శిఖరం కూడా తలకిందులుగా వచ్చి, ఇది ఉపరితలం నుంచి వచ్చిన దారి అని తానే చెబుతుంది.

రెండో మార్గం ధ్వనిని పౌనఃపున్యాలుగా విడదీసి తెరమీద కాలానుగుణంగా గీయడం. నేరుగా వచ్చిన ధ్వని, పైనుంచి వచ్చిన ధ్వని కొన్ని పౌనఃపున్యాల దగ్గర ఒకదాన్నొకటి బలపరుస్తాయి, కొన్నిటి దగ్గర చెరిపేస్తాయి. పై ఉదాహరణలో ప్రతి 250 హెర్ట్‌జ్‌కూ ఒకసారి ధ్వని అణగిపోతుంది. లక్ష్యం దగ్గరికి వచ్చి దూరమవుతున్నప్పుడు ఈ చారలు తెరమీద వంపు తిరుగుతూ సాగుతాయి. కాంతిశాస్త్రం చదివినవారు వీటిని లాయిడ్ దర్పణపు చారలుగా గుర్తుపడతారు. చారల ఎడం, వాటి వంపు తీరు చూసి అనుభవజ్ఞుడైన సోనార్ సిబ్బంది లక్ష్యం లోతు మారుతోందా, లేక దూరం మారుతోందా అని అంచనా వేయగలరు.

అయితే ఈ లెక్కలో దూరం ముందే తెలిసి ఉండాలని మీరు గమనించే ఉంటారు. మౌనంగా వినేటప్పుడు దూరం చెప్పే ప్రతిధ్వని లేదు. అందుకని జలాంతర్గామి తన దారిని కావాలనే మార్చి, లక్ష్యం దిక్కు ఏ వేగంతో మారుతోందో కొన్ని నిమిషాలపాటు చూసి దూరం రాబడుతుంది. ఆ దూరంలోని పొరపాటు లోతు లెక్కలోకి కూడా దిగుతుంది. ఉపరితలం అలలతో చిందరవందరగా ఉన్న రోజున పైదారి ధ్వని చెదిరిపోయి ఈ పద్ధతి బలహీనపడుతుంది.

జలాంతర్గామి వెనుక తాడులా లాగే పొడవైన హైడ్రోఫోన్ల వరుస గురించి కూడా ఒక మాట చెప్పాలి. దూరపు శబ్దాలను వినడంలో దానికి సాటిలేదు, కాని అడ్డంగా సాగిన ఒక్క గీత కాబట్టి ధ్వని తనతో చేసే కోణం తప్ప అది పక్క నుంచా, పైనుంచా, కింది నుంచా అన్నది దానికి తెలియదు. 60 డిగ్రీల దిక్కున ఉన్న ఓడ శబ్దం సముద్రపు అడుగును తాకి 30 డిగ్రీల దిగువ నుంచి వచ్చిందంటే, ఆ వరుస దాన్ని 64 డిగ్రీలుగా చూపిస్తుంది. నిలువు కోణం తెలియకపోతే లోతే కాదు, దిక్కు కూడా తప్పుతుంది.

వీటన్నిటినీ ఒకే చట్రంలోకి తెచ్చే పద్ధతి ఒకటి ఉంది. సముద్రంలోని ప్రతి దూరానికీ, ప్రతి లోతుకూ, లక్ష్యం అక్కడే ఉంటే మన గ్రాహకాలకు ధ్వని ఎలా అందుతుందో ముందుగా కంప్యూటరులో లెక్కించి, నిజంగా వినిపించిన దానితో పోల్చి, బాగా సరిపోయిన చోటే లక్ష్యమున్న చోటని తీర్మానిస్తారు. 1976లో హోమర్ బకర్ ఈ ఆలోచనను లోతు తక్కువ సముద్రాలకు అన్వయించి చూపించాడు. దారులన్నీ కలగలిసిపోవడం మామూలు లెక్కకు అడ్డంకి అయితే, ఈ పద్ధతికి అదే ఆధారమవుతుంది. నీటి వివరాలు, అడుగు నేల వివరాలు తప్పుగా ఇస్తే మాత్రం అది ఎంతో ధీమాగా తప్పుడు లోతును చూపిస్తుంది.

యంత్రాలు కాక, కేవలం వివేకంతో తెలిసే ఆనవాళ్లు కూడా ఉన్నాయి. డీజిల్ ఇంజిన్ చప్పుడు వినిపిస్తే ఆ జలాంతర్గామి గాలి పీల్చుకోవడానికి ఉపరితలం దగ్గరే ఉన్నట్టు. ప్రొపెల్లర్ రెక్కల చుట్టూ బుడగలు పుట్టి పగిలే చిటపట తక్కువ వేగంలోనే వినిపిస్తే, ఎక్కువ లోతులో లేనట్టు, ఎందుకంటే లోతులోని పీడనం ఆ బుడగలను పుట్టనివ్వదు.

ప్రశ్న: చల్లని పొర కింద దాక్కుంటే సోనార్‌కు దొరకదన్న మాట నిజమేనా?

జవాబు: కొంతవరకు నిజం. పై నీటిలో పుట్టిన ధ్వని పొర దగ్గర చీలి, ఒక భాగం పైకీ మరో భాగం కిందికీ వంగితే, రెంటికీ నడుమ ధ్వని సరిగా చేరని నీడ ప్రాంతం ఏర్పడుతుంది. 1930 దశకంలో అమెరికా నౌకాదళం ఉదయం చక్కగా పనిచేసిన సోనార్ మధ్యాహ్నానికి మందగించడం గమనించింది. కారణం పరికరంలో లేదు. ఎండకు పై నీరు వేడెక్కి, ధ్వనిని కిందికి వంచేస్తోంది. నీడ ప్రాంతంలో ఉన్నదాని లోతును అంచనా వేయడం అటుంచి, దాని ఉనికే తెలియదు. అందుకని జలాంతర్గామి పొరకు పైన కాసేపు, కింద కాసేపు విని చూస్తుంది. పైనున్నప్పుడు మందంగా వినిపించిన శబ్దం కిందికి దిగగానే స్పష్టమైతే, లక్ష్యం కూడా పొర కిందే ఉండే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: కంప్యూటర్లు లేని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లోతును ఎలా నిర్ణయించేవారు? నిర్ణీత లోతులో పేలే డెప్త్ ఛార్జీలకు లోతు తెలియాలి కదా!

జవాబు: మొదట్లో చాలావరకు ఊహే. బ్రిటిష్ నౌకల సోనార్‌ను ఆస్డిక్ అనేవారు. దాని పుంజాన్ని కిందికి వంచే వీలుండేది కాదు, కాబట్టి నౌక దగ్గరయ్యేకొద్దీ లక్ష్యం పుంజం కిందికి జారిపోయి ప్రతిధ్వని ఆగిపోయేది. లోతులో ఉన్నది ముందుగా, పైన ఉన్నది ఆలస్యంగా జారిపోతుంది కనుక, ప్రతిధ్వని ఎంత దూరంలో ఆగిపోయిందన్న దాన్నిబట్టి లోతును అంచనా వేసేవారు. పుంజం కింది అంచు 10 డిగ్రీల దిగువన ఉండి, 800 మీటర్ల దగ్గర ప్రతిధ్వని పోయిందంటే లోతు సుమారు 140 మీటర్లు. యుద్ధం మధ్యలో టైప్ 147 అనే అదనపు పరికరం వచ్చింది. నిలువునా సన్నగా, అడ్డంగా విశాలంగా ఉండే దాని పుంజాన్ని కిందికి వంచి లోతు కొలిచి, స్క్విడ్ అనే ఆయుధపు బాంబులకు ఆ లోతును నేరుగా అందించేవారు.

జలాంతర్గామి మీద జలాంతర్గామి విషయంలో ఒకే ఒక్క సంఘటన ఉంది. రెండూ నీటి లోపలే ఉండగా ఒకటి మరొకదాన్ని ఉద్దేశపూర్వకంగా ముంచిన ఏకైక యుద్ధ ఘటన అది. 1945 ఫిబ్రవరి 9న నార్వే తీరంలోని ఫెడ్యే దీవి దగ్గర బ్రిటిష్ జలాంతర్గామి వెంచరర్, జర్మన్ జలాంతర్గామి యు-864ను వెంటాడింది. కమాండర్ జేమ్స్ లాండర్స్ తన ఉనికి బయటపడకుండా ఆస్డిక్‌తో ధ్వని పంపలేదు. హైడ్రోఫోన్లతో విన్న దిక్కులను బట్టే దారి లెక్కకట్టాడు. ఆ వినికిడిలో లోతు చెప్పేదేమీ లేదు. నీటిపైకి వచ్చిన పెరిస్కోప్ కనిపించినప్పుడు, అది పైకి కనబడాలంటే యు-864 ఎంత లోతులో ఉండాలో దానికి ఉజ్జాయింపు దొరికింది. మిగిలిన అనిశ్చితికి విరుగుడుగా నాలుగు టార్పెడోలను వేర్వేరు లోతులకు అమర్చి వదిలాడు. యు-864 మూడింటిని తప్పించుకొని నాలుగోదాని దారిలోకి వెళ్లింది. అందులోని 73 మందీ మరణించారు.

ప్రశ్న: ఇంత కష్టపడి లెక్కకట్టిన లోతు ఎంత కచ్చితంగా ఉండాలి? పది ఇరవై మీటర్ల తేడా వస్తే గురి తప్పదా?

జవాబు: నేటి టార్పెడో విషయంలో గురి తప్పదు. దాని ముక్కులో స్వంత సోనార్ ఉంటుంది. పక్కకే కాక పైకీ కిందికీ వచ్చే ధ్వనిని పోల్చుకుంటూ అది తన దారిని తానే సరిదిద్దుకుంటుంది. ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1943లో అమెరికా విమానాల నుంచి వదిలిన మార్క్ 24 టార్పెడోలో శరీరం చుట్టూ నాలుగు హైడ్రోఫోన్లు ఉండి, ఏ వైపు శబ్దం గట్టిగా ఉంటే ఆ వైపుకు, నిలువున కూడా, అది తిరిగేది. అందువల్ల జలాంతర్గామి అందించవలసిన లోతు పది మీటర్ల కచ్చితత్వంతో ఉండనక్కరలేదు. లక్ష్యం పొరకు పైన ఉందా, కింద ఉందా అన్నది మాత్రం సరిగ్గా చెప్పి తీరాలి, ఎందుకంటే తప్పుడు వైపున వెతకడం మొదలుపెట్టిన టార్పెడోకు ఆ పొర, మనకు అడ్డుపడినట్టే, నీడగా అడ్డుపడుతుంది.